బొడ్రాయికి నీళ్లు పోసే రోజు

మా హైస్కూల్లో నాకు దినోత్సవాల టీచరమ్మ అని పేరు. ఫలానా రోజు ఫలానా దినోత్సవం జరపాలని పైనుంచి మెసేజ్ వస్తే చాలు, స్టాఫ్ రూములో అందరూ నా వైపే చూస్తారు. బ్యానర్ కట్టి, ఫొటో దిగి పంపేస్తే అయిపోయే పనికి నేను ఊరి చరిత్ర తగిలిస్తాను. చేతులు కడుక్కునే దినోత్సవం నాడు, ఊళ్లో మొదటి నల్లా ఏ వీధికి వచ్చిందో కనుక్కుని రమ్మని పిల్లల్ని పంపాను. ఓటర్ల దినోత్సవానికి, మొదటిసారి ఓటు ఎక్కడ వేశారో ముసలివాళ్ల చేత చెప్పించాను. "సోషల్ చెప్పమంటే ఊరి మీద పడతావేందమ్మా," అని మా హెడ్మాస్టరు గారు నవ్వుతారు. ఏం చేయను? పాఠ్యపుస్తకంలో మా ఊరు లేదు. భద్రాచలం పోయే బస్సు టీ తాగడానికి ఆగే ఊరు మాది.

కిందటి ఆగస్టులో ఆదివాసీ దినోత్సవానికి వాగు అవతలి గూడెం నుంచి ఒక కోయ పెద్దమ్మను పిలిచాను. మా తొమ్మిదో తరగతి పిల్లకు అమ్మమ్మ. మొగుడితో కలిసి ఇప్పటికీ ఎండాకాలం తునికాకు కోస్తుంది. అడవి గురించి నాలుగు ముక్కలు చెబుతుందనుకున్నాను. మైకు చేతికిస్తే ఆమె అడవి ఊసే ఎత్తలేదు.

"మా గూడెం మొదలు ఈడనే ఉండె. ఇప్పుడు బొడ్రాయి ఉన్నకాడికెళ్లి వేపచెట్టు సందు దాకా అన్నీ మా ఇండ్లే. నేను పుట్టింది ఆ సందులనే. అటెన్క వాగవతలకు పోయినం," అంది.

ఎందుకు పోయారని పిల్లలు అడిగారు.

"పొమ్మంటే పోయినం," అని నవ్వేసింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. వేపచెట్టు సందులోనే మా ఇల్లు. మా మామగారి తండ్రి వేంసూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టి సాగు చేశారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. అడవి కొట్టారనే విన్నాను గానీ, అక్కడ ఇళ్లు ఉండేవని నాకు ఎవరూ చెప్పలేదు.

ఎండలు ముదిరేసరికి బొడ్రాయి వార్షికోత్సవం వచ్చింది. ఊరి నడుమ పాతిన ఆ రాయి ఊరికి బొడ్డు లాంటిది. ఏటా ఆ రోజున ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. ఎక్కడ కాపురం చేస్తున్నా వచ్చి, బిందెతో రాయి మీద నీళ్లు పోయాలి. కోడళ్లం మాకు ఆ హక్కు లేదు. మేం వంటల దగ్గర ఉండాలి. పండగ దగ్గర పడుతుండగా పెద్దమ్మ మనవరాలితో కబురు పంపింది, తనూ వచ్చి నీళ్లు పోయొచ్చా అని.

కమిటీ పెద్ద మా పెదమామగారే. టెంటు వేయిస్తుంటే వెళ్లి అడిగాను. "ఆవిడా ఈ ఊళ్లోనే పుట్టింది మామయ్యగారూ. ఆడబిడ్డే కదా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఆగస్టులో స్టేజీ ఎక్కించి శాలువా కప్పావు. ఎవరన్నా వద్దన్నారా? అది వాళ్ల రోజు. ఇక్కడ ఆడబిడ్డ అని పిలిస్తే ఆడబిడ్డకు వాటా ఉంటదమ్మా. నువ్వుండే ఇల్లు ఎక్కడుందో ఒకసారి ఆలోచించుకో."

ఒళ్లు మండిపోయింది. కానీ ఆ ఆఖరి మాట మోసుకుని ఇంటికి వచ్చేశాను. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ల పేరున భూమి కాగితాలు చెల్లవన్న సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. కమిటీ ఒప్పుకోలేదని ఆ పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పి పంపాను.

అయినా పెద్దమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, నిండు బిందె నెత్తిన పెట్టుకుని వరసలో అందరికన్నా వెనక నిలబడింది. మైకులో ఒక్కో ఇంటిపేరూ పిలుస్తున్నారు, వరస తరుగుతోంది. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. మైకు మాత్రం భోజనాలకు రమ్మంది. కమిటీలో ఎవరో, "మీ గూడెంల పోసుకో అవ్వా," అన్నారు. ఆమె బిందె దించకుండానే మా సందులోకి తిరిగింది. నేను గరిటె పడేసి వెనకే పరిగెత్తాను.

మా గేటు ముందు ఆగింది. "నేను పుట్టిన జాగ ఇదే బిడ్డా. ఈడ పోస్త," అంది.

వరండాలో కూర్చున్న మా అత్తగారు నా వైపు చూసి వద్దని తల ఊపారు. అబద్ధమెందుకు, నాకూ భయం వేసింది. ఆ నీళ్లు మా వాకిట్లో పడితే ఈ ఇల్లు మా చేతుల్లోంచి జారిపోతుందనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. గేటు తీశాను.

పెద్దమ్మ కోయలో ఏదో అనుకుంటూ వాకిలంతా తిరిగి పోసింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, వెళ్లకుండా నిలబడింది. నీళ్లు పోసిన ఆడబిడ్డకు ఇంటి పెద్దావిడ బొట్టు పెట్టి సాగనంపాలి. ఆమె దాని కోసమే చూస్తోంది.

"అత్తయ్యా, కుంకుమ భరిణె తెండి," అన్నాను.

అత్తగారు లేచి లోపలికి వెళ్లారు. పెద్దమ్మ కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. ఇద్దరం గుమ్మం కేసి చూస్తూ నిలబడ్డాం. తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడింది.

పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నిన్ను గూడ బయటనే ఉంచింది గద బిడ్డా," అంది.