అరువు బెంచీలు

మా పంతులమ్మగారు పోయారని ఏక్‌బాల్‌పూర్ నుంచి ఆదివారం పొద్దున కబురొచ్చింది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. మా పిల్లలతో చెబితే "ఎవరామె?" అన్నారు, అదీ బంగ్లాలో. ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లలో ఈ చుట్టుపక్కల మిగిలింది, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మాది ఈ బెంగాలీ మహానగరంలోనే, గార్డెన్ రీచ్ పేటలో సర్కారు తెలుగు బడి. ఒకే గది, నాలుగు తరగతులు, ఆమె ఒక్కరే. కింద చాపలమీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. "జరగండర్రా, పక్కవాళ్లకి చోటివ్వండి" అని రోజంతా అనీ అనీ ఆమె గొంతు బొంగురుపోయేది. కొంగున మిరియాలు ముడేసుకుని వచ్చేవారు.

కమ్యూనిస్టుల సర్కారు వచ్చి గోడలమీద ఎర్రజెండాలు కొత్తగా వెలిసిన రోజులవి. బళ్లన్నిటికీ తలకింత అని ఒకే లెక్కన డబ్బొచ్చేది. చూడ్డానికి న్యాయమే. కానీ బంగ్లా పుస్తకాలు పక్కవీధిలో దొరికితే, మావి విశాఖపట్నం నుంచి రైల్లో రావాలి. "అందరికీ ఒకే కొలత గుడ్డ ఇస్తే పొడుగువాడి మోకాళ్లు బయటే ఉంటాయి" అనేవారు పంతులమ్మగారు. బెంచీలూ రెండో టీచరూ కావాలని ఆమె అడగ్గా అడగ్గా, మా బడికి నిజంగా ఎంత కావాలో చూసి రాయడానికి ఒక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది.

మా నాన్నావాళ్లు కార్పొరేషన్‌లో వీధులూడ్చేవాళ్లు. పెద్దమనిషి వస్తున్నాడంటే ఊరుకుంటారా? ముందురోజు ఆమె ఇంటికెళ్లాక గోడలకు సున్నం కొట్టి, చర్చి బెంచీలు మోసుకొచ్చి తరగతికొకటి వేశారు. పొద్దున ఆమె గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఒచ్చినోల్లు మనల్ని ఏటనుకుంతారు మరి?" అన్నాడు నాన్న మురిసిపోతూ.

ఇన్‌స్పెక్టరు వచ్చి చుట్టూ చూశాడు. బంగ్లాలో పంతులమ్మని దిదిమొణి అంటారు. "దిదిమొణీ, మీకిక్కడ ఏ లోటూ లేదే" అని నవ్వి, అదే రాసుకుని వెళ్లాడు. అంతమంది తండ్రుల ముందు అవి అరువు బెంచీలని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

తర్వాత నాన్నతో మెల్లగా అన్నారు. "ఇంటికొచ్చినవాళ్లకి లోటు కనబడనివ్వకూడదయ్యా. బడికొచ్చినవాళ్లకి లోటే చూపించాలి."

రెండో టీచరు రాలేదు. రిటైరయ్యేదాకా ఆమె ఒక్కరే లాక్కొచ్చారు, ఆ వెనకే బడి మూతపడింది. ఏక్‌బాల్‌పూర్‌లో ఆమె ఒంటరిగా ఉండే గదికి నేను వెళ్లినప్పుడల్లా పాత మూడో తరగతి వాచకం గట్టిగా చదివించుకునేవారు. "ఇంకో తెలుగు గొంతు వినబడి ఎన్నాళ్లయిందో" అనేవారు. నేను ఇంకా తరచుగా వెళ్లాలనుకునేదాన్ని. ఇప్పుడు నేను చదివితే నా గొంతు వినేవాళ్లూ లేరు.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె కోసం పెట్టిన ప్రార్థనకు, నాన్న స్నేహితుల్లో మిగిలిన ఒక్క ముసలాయన చర్చి బెంచీలన్నీ బండిమీద తెచ్చి మా సందులో వరసగా వేయించాడు. రెండు చాలు బాబాయ్ అన్నాను.

"మంది ఒస్తారమ్మా. కూకోడానికి లోటు కనబడకూడదు."

పాస్టరుగారూ బాబాయీ ఇద్దరు బెంగాలీ పొరుగువాళ్లూ మొదటి బెంచీలోనే సరిపోయారు. నేను మూడోదానిలో, పక్కవాళ్లకి చోటు వదిలి, చివరికి జరిగి కూర్చున్నాను.