గుమ్మం దగ్గరి గళ్ళ చెప్పులు

ఆ రోజు తగువులో జోఫ్కాయే గెలిచింది. అదే మేడలో ఉండే స్నేహితురాలు రెజ్కా అక్కడే తడిగుడ్డ పిండుతూ ఉంది కాబట్టి ఇది ఎవరో చెబితే విన్న మాట కాదు.

జోఫ్కా ఇంట్లో బట్టలుతికే మెషిను గొట్టం ఊడిపోయి, నీళ్ళు కింది అంతస్తులోని కెర్మావ్నర్ ఇంట్లోకి కారుతున్నాయి. కెర్మావ్నర్ మామూలువాడు కాదు, తత్వవేత్త. రాజకీయాల మీద, సినిమాల మీద, సబ్బు ప్రకటనల మీద, జనం క్యూలో నిలబడే తీరు మీద పుస్తకాలు రాసి, దేశాలు తిరిగి వాటి గురించి మాట్లాడి వస్తుంటాడు. నవంబరు బురదంతా బూట్లకు అంటించుకుని, వగరుస్తూ మెట్లెక్కి వచ్చి, జోఫ్కా గుమ్మంలో ఒక కాలు లోపల పెట్టాడు.

"బూట్లు," అంది జోఫ్కా.

"మీ నీళ్ళు నా పుస్తకాల మీద పడుతున్నాయండీ!"

"పడుతున్నాయి, ఆపుతున్నాం. బూట్లు విప్పండి."

"ఇల్లు మునిగిపోతుంటే బూట్ల గొడవేమిటి?"

"మునిగితే నీళ్ళలో మునుగుతుంది. బురదలో మునగనివ్వను."

కెర్మావ్నర్ చెయ్యి పైకెత్తాడు. టెలివిజన్లో మాట్లాడేటప్పుడు ఎత్తినట్టే ఎత్తాడు. "ఇది అధికారం, తెలుసా మీకు? గుమ్మం అనేది సరిహద్దు. అక్కడ నిలబడి మనిషిని లొంగదీసుకోవడం..."

"మీరు చెప్పండి ప్రొఫెసరుగారూ, నేను వింటాను. మీరు చెప్పినంతసేపూ కింద మీ పుస్తకాలు నానుతుంటాయి."

ఆయన పీట మీద కూర్చుని, గొణుక్కుంటూ లేసులు విప్పాడు. జోఫ్కా గోధుమరంగు గళ్ళ గుడ్డచెప్పులు ఆయన పాదాల ముందుకు నెట్టింది. పెద్ద చెప్పులు. ఎడమ మడమకు ఎర్రతోలు మాసిక వేసి ఉంది. "మా ఆయనవి. పాపం, చచ్చిపోయాడు. తొడుక్కోండి," అంది.

అంత చదువుకున్నవాడు ఆ చెప్పుల్లో బాతులా నడుస్తూ పోయి గొట్టం బిగించాడు. రెజ్కా నవ్వు ఆపుకోలేక గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుంది.

జోఫ్కా రీబ్నిట్సా దగ్గరి పల్లె నుంచి చిన్న వయసులోనే రాజధాని ల్యుబ్లియానాకు వచ్చి, బూట్ల ఫ్యాక్టరీలో తోలు కుట్టి బతికిన మనిషి. వీధిలో ఎవడు ఎదురైనా ముందు కాళ్ళు చూసి, తరువాతే ముఖం చూస్తుంది. భవనం సమావేశాల్లో లిఫ్టు ఖర్చు గురించి ఆమె నోరు తెరిస్తే మగవాళ్ళు జారుకోవడానికి టోపీలు వెతుక్కునేవాళ్ళు. కానీ దయ లేని మనిషి కాదు. రెజ్కాకు కీళ్ళు పట్టేస్తే నెలంతా మెట్లు దిగి రొట్టె తెచ్చిపెట్టింది. ప్రతి నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ రోజున ఇద్దరూ శ్మశానానికి కలిసే వెళ్ళేవాళ్ళు. తమవాళ్ళ సమాధులు దూరపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు పెద్ద శిలువ కింద దీపాలు పెట్టే చోట జోఫ్కా తన భర్త లోయ్జె పేరున దీపం పెట్టేది. స్నేహితురాలి మొగుడు కదా అని రెజ్కా కూడా తన డబ్బుతో ఒకటి కొని పక్కన పెట్టేది.

మరుసటి శరత్తులో కెర్మావ్నర్ కొత్త పుస్తకం వచ్చింది. అందులో ఒక అధ్యాయం నిండా చెప్పులే. ఒక ప్రతి తెచ్చి జోఫ్కా చేతిలో పెట్టి వెళ్ళాడాయన. రెజ్కా కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది:

మన దేశంలో ఇంటావిడ "పర్వాలేదు, బూట్లతోనే రండి" అంటుంది. ఆ మాట విని బూట్లతో లోపలికి వచ్చినవాడు ఇంతవరకు లేడు. అందరూ విప్పుతారు. వద్దన్నట్టు చెప్పి చేయించుకోవడం, సరేనన్నట్టు నటించి చెయ్యడం, మన రాజ్యం నడిచేది కూడా ఇలాగే. మా మేడ మీద ఒకావిడ మాత్రం ఆ అబద్ధం ఆడదు. మడమకు ఎర్రమాసిక ఉన్న చనిపోయిన భర్త చెప్పులను వాకిట్లో ఉంచుకుని, వచ్చిన ప్రతివాణ్ణి వాటిలో నిలబెడుతుంది. ఆమె ఇంకా అతని కోసం ఎదురుచూస్తోంది.

"నా గురించే!" అంది జోఫ్కా. మొదట పొంగిపోయింది. విద్యార్థులు గంట కొట్టి చెప్పులు చూస్తామని అడిగితే, అందరి చేతా బూట్లు విప్పించి, వాల్‌నట్ల రొట్టె కోసి పెట్టింది. కుర్రాళ్ళు వంతులవారీగా లోయ్జె చెప్పులు తొడుక్కుని ఫొటోలు దిగారు.

తరువాత ఒక మధ్యాహ్నం కెర్మావ్నర్ రేడియోలో ఆ పేజీ చదివాడు. ఆ వారంలోనే జోఫ్కాకు కుదురు పోయింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. గంట మోగితే గోడకు ఆనుకుని నిలబడేది. కాఫీ కాచి, పోసి, తాగకుండానే సింకులో ఒంపేసేది. కూర్చున్న కుర్చీలోంచి ఏదో కుట్టినట్టు లేచిపోయేది.

"ఏమే, దెయ్యాన్ని చూశావా?" అని అడిగింది రెజ్కా.

"చూడలేదు. మాట్లాడాను." జోఫ్కా కిటికీలోంచి పొగమంచు కేసి చూస్తూ అంది. "లోయ్జె ఫోను చేశాడు."

రెజ్కా చేతిలోని చెంచా చప్పుడు చేస్తూ పళ్ళెంలో పడింది. "ఎవరూ?"

"లోయ్జె. చావలేదు. ఇజోలాలో ఉన్నాడు, సముద్రం పక్కన. ఇంకొకతెతో పోయాడు. అది ఈ మధ్యే వెళ్ళగొట్టినట్టుంది. రేడియో విన్నాడట. ఆ మాసిక వేసింది వాడే కదా, తన అకార్డియన్ పట్టీ కోసి. 'జోఫ్కా, నా కోసం అట్టిపెట్టావా' అని ఏడ్చాడు. శనివారం వస్తాడట."

"మరి చచ్చాడని చెప్పావేమే?"

"ఈ మేడలోకి కొత్తగా వచ్చినప్పుడు వదిలేసి పోయాడని చెబితే మెట్ల మీద నన్ను చూసి పెదవి విరిచేవాళ్ళు. చచ్చాడని చెబితే కేకులు తెచ్చిచ్చారు. నువ్వే తెచ్చావు ఒకటి."

"బతికున్నవాడికి ఏటేటా దీపం పెట్టించావు కదే నా చేత!"

"అందుకే కాబోలు, ఇంత గట్టిగా ఉన్నాడు."

రెజ్కాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. కానీ జోఫ్కా వేళ్ళు బల్లగుడ్డ అంచును పీకుతూనే ఉన్నాయి. లోయ్జె వస్తే మేడంతా తెలుస్తుంది. అది ఒక భయం. వచ్చి, ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టి, తనదే అన్నట్టు కుర్చీలో కూర్చుంటాడేమో. అది పెద్ద భయం. ఆ పేజీనే పిలుపనుకుని వస్తున్నాడు మరి.

ఇద్దరూ కిందికి వెళ్ళారు. "పర్వాలేదు, బూట్లతోనే రండి," అన్నాడు కెర్మావ్నర్. ఇద్దరూ విప్పేశారు. ఆయన హోటళ్ళలోంచి తెచ్చుకున్న కాగితంలాంటి తెల్లచెప్పులు ఇచ్చాడు.

"ఆ పేజీ తీసేయండి ప్రొఫెసరుగారూ," అంది జోఫ్కా.

"మీ పేరు ఎక్కడా లేదు కదండీ."

"పేరు లేదు. మాసిక ఉంది. మాసిక వేసినవాడు రేడియో విన్నాడు."

"వేసినవాడా? ఆయన..."

"బతికే ఉన్నాడు. శనివారం వస్తున్నాడు."

ఈయన సిగ్గుపడతాడని రెజ్కా అనుకుంది. ఎక్కడ! కళ్ళు మెరిశాయి. లేచి గదంతా తిరగడం మొదలుపెట్టాడు. "బతికున్నాడా! అయితే ఇది ఇంకా గొప్ప సంగతి! చనిపోయినవాడి చెప్పులు దాచడం దుఃఖం, అంతే. బతికున్నవాణ్ణి చంపేసి చెప్పులను మాత్రం బతికించుకోవడం ఉందే, అది రాజకీయం!"

"ఇది గనక రాశారో," అంది రెజ్కా, "ఈసారి నీళ్ళు మా ఇంట్లోంచి వస్తాయి. వాటిని ఆపడానికి ఎవరూ చెప్పులివ్వరు."

కెర్మావ్నర్ ఆగాడు. తల గోక్కున్నాడు. పుస్తకం అచ్చయిపోయింది, రేడియోలో వెళ్ళిపోయిన మాటను వెనక్కి లాగలేం అన్నాడు. తరువాత, చిన్న గొంతుతో, టెలివిజన్ గొంతు కాకుండా అడిగాడు. "జోఫ్కాగారూ, నేను తప్పు రాశానా? నిజంగా మీరు ఎదురుచూడలేదా?"

జోఫ్కా హోటలు చెప్పులు విడిచి తన బూట్లు తొడుక్కుంది.

ఆ వారమంతా ఆమె ఇల్లు తుడుస్తూనే ఉంది. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచింది. శుక్రవారం పొద్దున రెజ్కా వెళ్ళేసరికి గళ్ళ చెప్పులు బాల్కనీ కడ్డీ మీద నీళ్ళు కారుతూ వేలాడుతున్నాయి.

"ఉతికావు," అంది రెజ్కా.

"ఆ పిల్లలంతా తొడుక్కున్నారు. కంపు కొడుతున్నాయి."

"ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచుకున్నావే, నిజం చెప్పు."

"పెద్దవి. ఎవడి కాలైనా పడుతుంది." అని, కడ్డీ మీదినుంచి చెప్పులు తీసి పిండింది. నీళ్ళు ఆమె ముంజేతుల మీదుగా కారాయి. "మొదట్లో ఎదురు చూశానులే. రెండు మూడు చలికాలాలు. తరువాత చూడ్డం మానేశాను, చెప్పులు తియ్యడం మరిచిపోయాను. ఇప్పుడు వాణ్ణి ఇందులో చూస్తే మళ్ళీ మొదలవుతుంది నాకు."

ఆ తడిచెప్పులను పాతపత్రికలో చుట్టి రెజ్కా చేతుల్లో పెట్టింది.

"ఇవి మీ ఇంటికి తీసుకుపో. రేపు గంట మోగితే తలుపు నువ్వు తియ్యి, నేను వంటింట్లో ఉంటాను. వాడు వంగి లేసులు పట్టుకుంటాడు. అప్పుడు చెప్పు, పర్వాలేదండీ, బూట్లతోనే ఉండండి అని."

"అందరూ అనే మాటే కదే అది. ఎవడు వింటాడు?"

"నువ్వు నిజంగా అను. బూట్లు విప్పనివాడు నా గుమ్మం దాటడు. వాడు లేసులు వదిలి నిటారుగా నిలబడేదాకా అంటూనే ఉండు, రెజ్కా."