పనస పిక్కల కుండ

కాపురానికి వచ్చిన మొదటి ఏడు నా కడుపుబ్బరం సంగతి తలుచుకుంటే మా అత్తగారికి ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. ఆవిడ మెత్తని మనిషేమీ కాదు. నేనూ కాను.

మాది టెక్కలి పక్క పల్లె. వీధిబడికి రెండేళ్లు వెళ్లాను, అంతే నా చదువు. మా పుట్టింట మెతుకు పారేస్తే వీపు మీద దెబ్బ పడేది. కంచిలి దగ్గర ఉద్దానం కొబ్బరితోటల్లోకి కోడలిగా వచ్చినప్పుడు ఆ భయం కూడా నాతోనే వచ్చింది.

ఇక్కడ వేసవంతా పనసకాయలే. తొనలు తినేశాక పిక్కలు కడిగి, ఆరబెట్టి, ఇసుక పోసిన కుండల్లో దాస్తారు. వానాకాలంలో కూరగాయలు దొరకనప్పుడు అవే కూర. ఆ ఏడు రెండు కుండలు నిండాయి. అందరూ తిన్నాక, పొద్దు వాలాక, ఆఖరున తినేదాన్ని నేను. అప్పటికి అన్నం అడుగున ఇంతే ఉండేది, పిక్కల కూర మాత్రం మిగిలేది. పారేయడానికి మనసొప్పక చట్టి ఊడ్చి తినేదాన్ని. ఒక్కోసారి మర్నాటి దాకా ఉన్న కూర కూడా నేనే తినేదాన్ని. ఎవరూ తినమనలేదు. నా పొదుపు చూసి అత్తగారు మెచ్చుకుంటారని ఆశ.

నెల తిరిగేసరికి కడుపు డోలులా బిగిసింది. పుల్లటి త్రేన్పులు. అప్పుడే వరి ఊడ్పులు మొదలయ్యాయి. బురదలో వంగితే ఊపిరాడక, నాలుగు మొక్కలు నాటి గట్టెక్కి కూర్చునేదాన్ని. నెల తప్పానేమోనని ముందు మురిసినవాళ్లు, కాదని తెలిశాక మొహాలు తిప్పుకున్నారు. బండి కట్టి నన్ను పుట్టింట దిగబెట్టి రమ్మని మా ఆయనతో అన్నారు మావగారు. జబ్బు పిల్లని దిగబెట్టాక మళ్లీ తీసుకెళ్లేవాళ్లు ఆ రోజుల్లో తక్కువ. అది నాకూ తెలుసు.

ఆ సాయంత్రం నేను చట్టి ఊడుస్తుంటే అత్తగారు వెనకాలే వచ్చి నిలబడింది.

"ఏటే అది? రోజూ ఇలాగే తింటన్నావా?"

"పారేత్తే పాపం కదా అత్తా."

చట్టి లాక్కుంది. మిగిలిన పిక్కల కుండ తెచ్చి, అన్నీ ఉడకేసి గేదె కుడితిలో పోసేసింది. కొబ్బరి పీచు కూడా వృథా పోనివ్వని మనిషి. నాకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు. పిక్కలు పోతే వచ్చే యేడు సెట్టు ఇత్తాది. నువ్వు పోతే ఏ సెట్టు ఇత్తాది?"

ఊడ్పులయ్యేదాకా బండి మాట ఎత్తొద్దని మావగారితో చెప్పింది. ఆ రోజు నుంచి పొద్దున్నే మజ్జిగ కలిపిన చోడి అంబలి, అంటే రాగి జావ. మధ్యాహ్నం మగవాళ్ల కంటే ముందే వేడన్నం, ఆనపకాయ కూర, పల్చటి చారు. ఆ మీదట ఉప్పుతో చిటికెడు వాము. పొద్దుండగానే గంజి. పిక్కలు, పప్పు, నిన్నటి కూర ముట్టనివ్వలేదు. కోడలు ముందు తినడమేమిటని పక్కింటావిడ నవ్వితే, "నాట్లేసేది అదా, నువ్వా?" అంది.

పక్షం తిరగకుండా కడుపు మెత్తబడింది. ఆఖరి మడి వంగి నాటాను. మావగారు గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయారు. బండి మాట మళ్లీ రాలేదు.

మరుసటేడు పిక్కలు మళ్లీ దాచాం. గుప్పెడు, అదీ మధ్యాహ్నం పూట, మెత్తగా ఉడికితేనే తినమని అత్తగారి ఆజ్ఞ. ఇప్పుడు నా కోడళ్లలో ఎవరైనా మిగిలిందని చట్టి ఊడుస్తుంటే లాక్కుని కుడితిలో పోస్తాను. వాళ్లకు కోపం వస్తుంది. రానీ. ఆ రోజు నాకూ వచ్చింది.