అమ్మ చేతికి సరిపోయే పానా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ తెరవకూడని పెట్టె ఒకటి ఉండేది. అందులో ఉన్నవి నగలు కావు, పానాలు. నూటయాభై పనిముట్ల సెట్టు. మా నాన్న మూడు వారాలు కంప్యూటర్ ముందు కూర్చుని, రివ్యూలన్నీ చదివి, ఏ సెట్టులో ఏముందో పట్టిక వేసి మరీ కొన్నాడు. కొన్నాక దాని మీది ప్లాస్టిక్ కవరు మాత్రం తీయలేదు. ఇంతకంటే మంచిది కనబడితే దీన్ని రిటర్న్ చేసేయొచ్చని ఆయన ఆలోచన. మా ఇంట్లో సగం వస్తువులు అలా కవర్లలోనే కాపురం చేసేవి.

అప్పుడు నాకు పదేళ్లు. పార్సిప్పనీ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్ వదిలి, గరాజ్ ఉన్న చిన్న టౌన్‌హౌస్‌కి మారి ఏడాది కూడా కాలేదు. గరాజ్ చూడగానే, చలికాలం టైర్లు షాపుకి పోకుండా ఇంట్లోనే మార్చుకోవచ్చని నాన్నకి సరదా పుట్టింది. మంచు పడే నెలల కోసం అమ్మ కారుకి వేరే నాలుగు చక్రాలు కొని గోడవారగా పేర్చాడు. సరిగ్గా అప్పుడే మా తాతయ్య, అంటే నాన్న వాళ్ల నాన్న, ఆరు నెలలు ఉండటానికి ఇండియా నుంచి వచ్చాడు.

తాతయ్య గుడివాడలో బస్సు డిపో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. చెయ్యి వేస్తే చాలు, నట్టు ఎంత బిగిసిందో చెప్పేస్తాడని డిపోలో పేరట. నాకేమో ప్రశ్నలెక్కువ, ఆయనకేమో జవాబులు తక్కువ. ఏది అడిగినా "చూడు, నీకే తెలుస్తుంది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. చూస్తే తెలిసేదైతే అడగడమెందుకు?

అక్టోబరులో దసరా వచ్చింది. ఆయుధ పూజకి అమ్మ కారు తాళాలూ, నాన్న లాప్‌టాపూ, నా లెక్కల పుస్తకమూ దేవుడి ముందు పెట్టి, వాటి పక్కనే ఆ పానాల పెట్టెను కూడా పెట్టింది. కవరు మీదే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసింది. మర్నాడు నాన్న తడి టిష్యూ పట్టుకుని ఆ బొట్టు తుడుస్తూ కూర్చున్నాడు, బొట్టున్న సెట్టుని షాపువాళ్లు వెనక్కి తీసుకోరేమోనని. తుడిచేకొద్దీ పసుపు ఇంకా పరుచుకుంది. తాతయ్య కాఫీ తాగుతూ ఆ తతంగమంతా చూశాడు.

"ఒరేయ్, దీన్ని వాడుకోడానికి కొన్నావా, తిరిగివ్వడానికి కొన్నావా?" అని మాత్రం అడిగాడు. నాన్న ఇంకో టిష్యూ తడిపాడు.

ఆ వారంలోనే హైవే మీద అమ్మ కారు టైరు పంక్చరైంది. అమ్మకి ఉద్యోగం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. వర్క్ పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, చివరికి ఊరవతల ఒక ల్యాబ్‌లో చేరింది. పొద్దున్న ఆరింటికల్లా బయల్దేరేది. ఆ రోజు కారు పక్కకి ఆపి, డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, కారుతోపాటు వచ్చిన జానెడు పానా బయటికి తీసింది. చక్రం మార్చడం తనకి తెలుసు, డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడే నేర్చుకుంది. కానీ నట్లు కదిలితేగా! అవి టైర్ల షాపులో గాలి మెషిన్‌తో బిగించిన నట్లు. చేత్తో లాగింది, కాలితో తొక్కింది, ఆఖరికి పానా మీదికెక్కి నిలబడింది. ఒక్కటీ కదల్లేదు. నాన్న ఆఫీసు వదిలి వచ్చేదాకా, పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతుంటే, రెండు గంటలు చలిలో వణుకుతూ నిలబడింది. వచ్చిన నాన్న వల్ల కూడా కాలేదు. టోయింగ్ అతన్ని పిలవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న పెద్ద తీర్మానం చేశాడు. "చలికాలం అయ్యేదాకా జాబ్ మానెయ్. రేపు మంచులో ఇలా అయితే ఏంటి పరిస్థితి? నేను అస్తమానం ఆఫీస్ వదిలేసి డ్రైవ్ చేసుకుంటూ రాలేను."

"ఇన్నేళ్లూ ఇంట్లోనే కూర్చున్నా కదండీ," అంది అమ్మ. "ఒక్క నట్టు తిరగలేదని మళ్లీ కూర్చోమంటారా?" అంటూనే ఆమెకి ఏడుపొచ్చేసింది.

నాకు నాన్న మీద చాలా కోపం వచ్చింది. ఆయన భయపడ్డాడన్న సంగతి మాత్రం అప్పుడు నాకు తోచలేదు. తాతయ్య నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్లి, అమ్మ కారులోని జానెడు పానా నా చేతిలో పెట్టి, దీనిలో తప్పేమిటో చెప్పమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాను. విరగలేదు, తుప్పు పట్టలేదు, గట్టిగానే ఉంది. తప్పేమీ కనబడలేదన్నాను. "చూడు, నీకే తెలుస్తుంది" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటున్నా నాకు అదే ఆలోచన.

తర్వాత ఆయన కళ్లజోడు పెట్టుకుని, పసుపు మరకల మధ్యనుంచి ఆ పెద్ద పెట్టె మీద రాసి ఉన్న సైజులన్నీ చదివాడు. నూటయాభై పనిముట్లలో అమ్మ కారు చక్రం నట్టుకి పట్టేది ఒక్కటీ లేదు. ఆ మాట విన్నప్పుడు నాన్న ముఖం చూడాలి!

శనివారం నాన్నా, తాతయ్యా, నేనూ షాపుకి వెళ్లాం. పెట్టెను వెనక్కి తీసుకున్న కౌంటర్ అమ్మాయి, పసుపు మరక కేసి చూసి "కర్రీయా?" అని అడిగింది. నాన్న అవునన్నట్టు తలూపేశాడు. ఇక లోపలికి వెళ్లాక తాతయ్య చేసిన పని నాకు భలే వింతగా అనిపించింది. ఏ వస్తువు తీసినా ముందు నా చేతికిచ్చేవాడు. నేను పట్టుకోగలిగితే బండిలో వేసేవాడు, లేకపోతే మారు మాట లేకుండా తిరిగి అరలో పెట్టేసేవాడు. నన్నెందుకు అడుగుతున్నాడు? నాకేమైనా కారుందా?

నాన్న పట్టికలో మొట్టమొదటిది చక్రాలున్న పెద్ద ఇనుప జాకీ. నేను రెండు చేతులతో లాగినా ఇంచు కదల్లేదు. తాతయ్య ముందుకి వెళ్లిపోయాడు.

"నాన్నా, అది మూడు టన్నులు లేపుతుంది!" అన్నాడు నాన్న.

"అది కారుని లేపుతుందిలేరా. దాన్నెవరు లేపుతారు?"

ఆఖరికి నేను ఆపసోపాలు పడుతూనైనా ఎత్తగలిగిన చిన్న అల్యూమినియం జాకీ బండిలోకి వచ్చింది. లేపిన కారు జారి పడకుండా కింద పెట్టే స్టాండ్లు రెండు, చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు రెండు, నట్టు సైజుకి సరిపడే బాక్సు పానా ఒకటి వచ్చాయి. ఆ పానాకి తగిలించే ఇనుప బార్ మూడు పొడవుల్లో ఉంటే, తాతయ్య అన్నిటికంటే పొడవైనది తీశాడు. అది దాదాపు నా నడుమెత్తు ఉంది. ఇంత పొడవెందుకని అడగబోయి, ఆయన ఏమంటాడో తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆయన ఆగింది టార్క్ రెంచ్ దగ్గర. ఎంత బిగించాలో ముందే దానిలో పెట్టుకుంటే, అంతవరకూ బిగియగానే టక్కుమంటుంది. షాపులో పనివాణ్ని ఆడించి చూపించమని, మళ్లీ మళ్లీ టక్కుమనిపించి, చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు. నీ చెయ్యి ఉండగా అదెందుకు నాన్నా అని మా నాన్న అన్నాడు.

"నా చెయ్యి మార్చిలో నాతోపాటే గుడివాడ వెళ్లిపోతుందిరా" అన్నాడు తాతయ్య. ముప్పై ఏళ్లు తన చేతి లెక్కతోనే పేరు తెచ్చుకున్న మనిషి, ఆ చేతితో పని లేకుండా చేసే రెంచ్‌ని తనే బండిలో పెట్టాడు. అందులో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక అమ్మని బయటికి పిలిచాడు. డ్రైవ్‌వేలో కారు చదునైన చోట నిలిపించి, హ్యాండ్ బ్రేక్ వేయించి, చక్రాలకి దిమ్మలు పెట్టించాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలట, గాల్లోకి లేపాక తిప్పితే కారు జారుతుందట. బార్ నట్టుకి తగిలించి నన్ను రమ్మన్నాడు. ముందు మధ్యలో పట్టుకుని నొక్కమన్నాడు. నొక్కాను, ఊగిసలాడాను, ఏమీ జరగలేదు. ఇప్పుడు కొస పట్టుకుని నీ బరువంతా వేసి ఆనుకో అన్నాడు. ఆనుకున్నాను. కిర్రుమని చప్పుడైంది, బార్ కిందికి దిగిపోయింది, నేను దాంతోపాటు మోకాళ్ల మీద పడ్డాను. అమ్మా నాన్నా కదపలేకపోయారే, అలాంటి నట్టుని నేను తిప్పేశాను!

"తాతయ్యా, పొట్టిగా ఉండటమే దాని తప్పు!" అని అరిచాను. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత, నా చేతికి లొంగింది అమ్మ చేతికి లొంగదా అన్నట్టు, బార్ ఆమెకిచ్చి, బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా దేన్నీ ముట్టుకోలేదు. నాలుగు చక్రాలూ అమ్మే మార్చింది. ఆమె జాకీ పెట్టే చోటు పొరబడితే ఒకే ఒక్క మాట, "అక్కడ కాదమ్మా" అనేవాడు. నట్లు ఎదురెదురుగా బిగించి, కారు దించి, టార్క్ రెంచ్ టక్కుమన్న ప్రతిసారీ అమ్మ ఆయన కేసి చూసేది, ఆయన తల ఊపేవాడు. చేతుల నిండా నల్లటి మసి, ముఖం నిండా చెమట. అమ్మ అంత ఆనందంగా ఉండటం చూసి చాలా రోజులైందనిపించింది. నాన్న గరాజ్ తలుపుకి ఆనుకుని అంతా చూశాడు. ఆఖరున తనే ఆ సామానంతా ఒక్కొక్కటీ మోసి అమ్మ కారు డిక్కీలో సర్దాడు. సోమవారం షిఫ్ట్ ఆరున్నరకేనా అని మెల్లగా అడిగాడు. ఉద్యోగం మానే మాట మళ్లీ మా ఇంట్లో వినబడలేదు.

తాతయ్య మార్చిలో వెళ్లిపోయాడు. మరుసటి చలికాలం ఒక సాయంత్రం ఇంటి ఫోన్ మోగితే నేనే తీశాను. వెనక ట్రక్కుల హోరు. "బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టమను మీ నాన్నని," అంది అమ్మ. "టైరు పోయింది, మార్చుకుని వస్తున్నా. అరగంట లేటవుతుంది." టైరు పోయిందట అని నేననగానే నాన్న జాకెట్‌లో ఒక చెయ్యి దూర్చేసి, ఫోన్ కోసం రెండో చెయ్యి చాపాడు. అప్పటికే అమ్మ పెట్టేసింది. ఆయన కాసేపు తలుపు దగ్గర అలాగే నిలబడి, జాకెట్ విప్పి, వెళ్లి బియ్యం కడిగాడు.

ఆ వారాంతంలో ఇండియాకి చేసే ఫోన్ కార్డు గీకి, తాతయ్యకి అమ్మే చెప్పింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడట, "టక్కుమందా అమ్మా?" అని. "టక్కుమంది మావయ్యగారూ" అంటూ అమ్మ ఏడుస్తూ నవ్వింది.

అమ్మ ఇచ్చిన ఆ పొడవాటి బార్ ఇప్పుడు నా కారు డిక్కీలో ఉంది. నాకు ముప్పై దాటాయి, నా ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేనే. షాపులో ఏ పనిముట్టు తీసినా ముందు మా అమ్మాయి చేతిలో పెడతాను. దానికి పట్టు చిక్కకపోతే తిరిగి అరలో పెట్టేస్తాను. నన్నెందుకు అడుగుతావమ్మా అంటుంది. "చూడు, నీకే తెలుస్తుంది" అంటాను. దానికీ ఒళ్లు మండుతుంది.