సిపాయిగారి ఒర, నా అరచేయి

ఆ రోజుల్లో మా పుదుచ్చేరిలో ఎర్ర టోపీ పోలీసు సిపాయి వీధి మలుపు తిరిగాడంటే, ఏ పాపమూ ఎరగనివాడు కూడా తను చేసిన తప్పేమిటా అని వెతుక్కునేవాడు. నేను వెతుక్కోవడానికి కూడా ఆగేవాణ్ణి కాదు, మా మేనమామ తోలు కొట్లోకి దూరి వేలాడే తోళ్ల వెనక నిలబడేవాణ్ణి. ఇంతటి ధైర్యశాలికి పిల్లనిస్తానని వచ్చినవాడు విల్లియనూరులో ఉండే పెద్దమీసాల సిపాయి. (కత్తికి ఒర చేయించుకోవడానికి వచ్చి నన్ను అదేపనిగా చూశాడు. మామ చెప్పేదాకా ఆ చూపు అల్లుడి కోసమని నాకు తెలియదు, దొంగ కోసమనుకున్నాను.)

మామ ఒరలకు వేసే నలుపు తుప్పు మేకుల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసేది. ఆ నీళ్లకు పెద్ద రంగేమీ ఉండదు, పలచటి చాయ. తంగేడు బెరడు వగరు పట్టించి పదునుచేసిన తోలుకు తగిలితే మాత్రం కళ్లముందే కాటుక నలుపు తిరుగుతుంది. పెళ్లిచూపులకు పోవలసిన పొద్దున సిపాయిగారి ఒర కోసమే ఆ కుండలో చేతులు పెట్టి, మేకులు ఏరి, నీళ్లు వడగట్టాను. తోలు జోలికి పోలేదు. కడుక్కుంటే చేతులు శుభ్రంగానే కనిపించాయి. "నిమ్మచెక్క పెట్టి రుద్దుకోరా" అన్నాడు మామ. "ఏముందని మామా రుద్దేది?" అన్నాను నేను. పెళ్లికొడుకుని కదా, ఆ పూట నా మాటకు కొంచెం బరువొచ్చింది.

ఎద్దుబండిలో విల్లియనూరు చేరేసరికి ఆ బరువు కాస్తా దిగిపోయింది. ఎదురుగా ఆయన, ఆయన మీసాలు, గోడకు తగిలించిన ఎర్ర టోపీ. అడిగినదానికల్లా మామే బదులు చెప్పాడు. పిల్ల వచ్చి కూర్చుని లోపలికి పోయింది. నేను ఆమె పాదాలు కూడా సరిగా చూడలేదు. చివరికి ఆయన తమలపాకులు, నానబెట్టిన వక్కలు తీసి నా చేతిలో పెట్టాడు. మాట ఖాయమన్నట్టే. భయంతో చెమట కారుతున్న గుప్పిటలో వాటిని గట్టిగా పట్టుకున్నాను, జారిపోతే అపశకునమని.

"ఏదీ, చెయ్యి చూపించు" అన్నాడాయన ఉన్నట్టుండి. వేళ్ల సందుల్లోంచి నల్లగా కారుతోంది. గుప్పిట విప్పితే అరచెయ్యి బొగ్గు.

"ఏందిది? తాంబూలం పట్టుకుంటే చెయ్యి నల్లబడేదేంది? జబ్బా?"

మామ వంగి నా చెయ్యే చూస్తున్నాడు. పెళ్లి పోతుందన్న భయం నాకు అప్పుడే మొదటిసారి వేసింది. అంతవరకు జరిగిపోతుందనే భయపడుతూ వచ్చాను.

తలుపు చాటునుంచి గాజుల చప్పుడు, వెనకే పిల్ల గొంతు. "జబ్బు కాదు నాయనా. తడి అడకత్తెరకి వక్క వగరు తగిలితే నల్లబడేది మనింట్లో చూడలేదా? ఈయన ఇనుము నీళ్లలో చెయ్యి పెట్టొచ్చుంటాడు." దాని వెంబడే ఒక చెయ్యి బయటికొచ్చి గడప మీద సగం నిమ్మకాయ పెట్టి వెనక్కి పోయింది.

రుద్దుకున్నాను. నలుపు వదిలింది. ఆయన మీసం కింద ఏదో కదిలింది, నవ్వేనని తరవాత తెలిసింది. "నా ఒర నలుపు కూడా ఇట్టే పోతాదా?" అన్నాడు. అబద్ధమాడే ధైర్యం కూడా లేక "నిమ్మరసం పడితే పోతాదండి" అన్నాను. "సరి, కత్తితో నిమ్మకాయ కొయ్యనులే" అని మళ్లీ ఆకు, వక్క నా చేతిలో పెట్టాడు. ఈసారి నేను ఒళ్లో పైపంచె పరిచి అందులో వేయించుకున్నాను.

కొట్టు మూసేసి ఏళ్లయింది. ఆ మీసాలాయన లేడు, మామ లేడు. ఈనాటికీ మా ఆవిడ వక్క కత్తిరించి ఇచ్చే ముందు నా అరచెయ్యి తిప్పి చూస్తుంది. ఇనుము నీళ్ల పని లేదు కదా, ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. చూసి, చేతిలో వక్క పెడుతుంది. ఒక్కసారి నల్లబడితే బాగుండునని ఇద్దరికీ ఉంటుంది.