గుడ్ల పెట్టె చిప్పు, బొటనవేలంత ప్రోగ్రామర్

రెండు వేల ఇరవై రెండు, మే నెల. నిజామాబాద్ బస్టాండుకు కూతవేటు దూరంలో నా రిపేరు దుకాణం. అందులో కూర్చున్నచోటు నుంచి లేవకుండా, చచ్చిన చిప్పును కంటిచూపుతో లేపి, వంద కోడిపిల్లల ప్రాణాలు నిలబెట్టాను. అలాంటి పని చేయగలవాడు ఈ జిల్లాలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. సరదాకి సర్క్యూట్లు కట్టుకునేవాళ్లు వచ్చి, తక్కువలో ఏ ప్రోగ్రామర్ కొనాలి అని అడిగినప్పుడల్లా ముందు ఈ కథ చెప్పి, తర్వాతే డ్రాయరు తెరుస్తాను.

ఆ పొద్దున వర్ని నుంచి సుజాత వచ్చింది. వర్నిలో బట్టలు కుడుతుంది. మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంది. సామానుకు నా దగ్గరికే వస్తుంది. చంకలో లాప్‌టాప్ సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. డబ్బా మూత తీసి, గుడ్డలో చుట్టిన బోర్డు నా బల్ల మీద పెట్టింది.

"కాకా, గుడ్లు పొదిగే పెట్టె జేసిన. దీనికి ప్రోగ్రామర్ గావాలె. సస్తాల చూడు."

థర్మాకోల్ పెట్టె, అందులో బల్బు, వేడిని కొలిచే సెన్సారు, వీటన్నిటినీ నడిపే మైక్రోకంట్రోలర్. ఇది వేలెడంత చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. బల్బు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో మనం రాసిన ప్రోగ్రాం దానికి చెబుతుంది. ఆ ప్రోగ్రామును పెద్ద కంప్యూటరు నుంచి చిప్పులోకి ఎక్కించే పరికరాన్నే మా లైనులో ప్రోగ్రామర్ అంటాం.

మొదటిసారి ఆ పని హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు చేసిపెట్టారు. కానీ మే ఎండలకు బల్బు ఆరిపోయాక కూడా పెట్టెలో వేడి పెరుగుతోంది. ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలవాల్సింది ముప్పై తొమ్మిదికి పోతోంది. బల్బు కాస్త ముందే ఆరేలా సుజాత ప్రోగ్రాం మార్చి రాసుకుంది. ఎక్కించుకునే సాధనం లేదు. పెట్టెలో గుడ్లకు అప్పటికి పద్దెనిమిదో రోజు.

"గుడ్లు నాయి గావు కాకా. వాడకట్టోళ్లు నన్ను నమ్మి ఇచ్చిండ్రు. ఖరాబైతే ఏం మొఖం వెట్టుకొని తిరగాలె? మా అత్తమ్మ ఇంటికాడ థర్మామీటరు చూసుకుంట చేతితోని బల్బు ఏసుడు, తీసుడు జేస్తున్నది. బస్సు దొరకవట్టుకొని ఉరికొచ్చిన."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వంద అన్నాను గానీ, గుడ్లు ముప్పై రెండే. చెప్పిచెప్పి పెరిగాయి.

నా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి ఇటుకంత పెద్దది, నూరు రకాల చిప్పులకు పనికొస్తుంది. ధర దాదాపు కుట్టుమిషనుతో సమానం. రెండోది బొటనవేలంత బోర్డు, యూఎస్‌బీలో గుచ్చుకునేది. సుజాత వాడే రకం చిప్పులకు మాత్రమే పనిచేస్తుంది. రెండు కోడిగుడ్ల ట్రేల ఖరీదు ఉంటుందేమో. నేను పెద్దదాని మీది దుమ్ము ఊది ముందుకు జరిపాను.

"ఇది దీస్కపో బిడ్డా. నూరేండ్లు ఇంకోటి సూడనక్కర్లేదు."

ఆమె దాన్ని తిప్పితిప్పి చూసింది. "కాకా, గీ వైరు నా లాప్‌టాప్‌ల యాడ వెట్టాలె?"

అది పాతకాలం ప్రింటర్లు తగిలించే పోర్టు వైరు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఆ రంధ్రమే ఉండదు. సంగతి నాకు తెలుసు. అందుకే అది ఏళ్లుగా నా అలమరలో అమ్ముడుపోకుండా ఉంది.

"నాకున్నది ఒక్క రకం చిప్పు. నూరు రకాలది నేనేం జేసుకోను? ఆ శిన్నదియ్యి."

ఇచ్చాను. ఇస్తూ, "సస్తా మాల్, గ్యారంటీ లేదు మల్ల" అని కూడా అన్నాను. ఆమె అక్కడే లాప్‌టాప్ తెరిచి తగిలించింది. చిప్పు వెంటనే పలికింది. ఒక్క బటన్ నొక్కితే పని అయిపోయేది. నేను ఊరుకోలేకపోయాను.

"జరుగు, నేను జేస్త. ఫ్యూజులు గూడ సూడాలె."

ఈ ఫ్యూజు కాలిపోయే తీగ కాదు. చిప్పు లోపల దాచిన సెట్టింగు. లోపలి గడియారంతో నడవాలా, బయట అతికించిన క్రిస్టల్ అనే స్ఫటికం ముక్క కొట్టే లయకు, తాళానికి నడవాలా అన్నది అందులోనే రాసి ఉంటుంది. నలభై ఏళ్లు టీవీలు బాగుచేసినవాణ్ణి. టీవీలో పెద్ద చిప్పు ఎక్కడుంటే దాని పక్కన వెండి బిళ్లలా క్రిస్టల్ ఉండి తీరుతుంది. చెయ్యి అలవాటు కొద్దీ 'బయటి క్రిస్టల్' మీద టిక్కు పెట్టి ఓకే నొక్కేసింది. సుజాత బోర్డులో క్రిస్టలే లేదు. ఆమె ఖర్చు మిగలడానికి లోపలి గడియారంతోనే నడుపుతోంది. బోర్డు వైపు ఒక్కసారి చూసినా ఆ సంగతి కనబడేది.

చిప్పు మూగబోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా తెర మీద ఒకటే మాట, జవాబు లేదు అని.

"సూసినవా? సస్తా మాల్ అని ముందే చెప్పిన" అన్నాను.

అంతలో ఆమె ఫోన్ మోగింది. స్పీకరులో అత్తమ్మ గొంతు దుకాణమంతా వినబడింది. "ఓ సుజాతా, ముప్పై ఎన్మిది దాటింది. మూత దియ్యాల్నా వద్దా? నాతోని గాదు, కండ్లు గుంజుతున్నయ్!"

"జరంత దియ్యి అత్తమ్మా. మల్ల తగ్గంగనే మూయి."

ఇంకో చిప్పు ఇద్దామంటే ఆ రకం నా దగ్గర అయిపోయింది. హైదరాబాద్ నుంచి రావడానికి రెండు రోజులు. రెండు రోజులు ఆ ముసలమ్మ నిద్ర లేకుండా బల్బు కాపలా కాయలేదు. నేను చిన్న ప్రోగ్రామర్‌ను పీకాను, గుచ్చాను, వైరు మార్చాను, తయారుచేసినవాణ్ణి తిట్టాను. చివరికి ఒక నిమిషం కళ్లు మూసుకున్నాను. తట్టింది. చిప్పు చావలేదు, బయటి తాళం కోసం ఎదురుచూస్తోంది. తాళం అందిస్తే లేస్తుంది.

వెనక గదిలో పాత కలర్ టీవీ బోర్డుల గుట్ట ఉంది. ఒకదాని నుంచి, బొమ్మకు రంగులు తెప్పించే క్రిస్టల్ ఊడదీశాను. చిప్పుకు గడియారం అందే కాళ్లు రెండున్నాయి. వాటికి క్రిస్టల్ కాళ్లు టంకం పెట్టి అతికించాను. మళ్లీ అడిగితే చిప్పు ఠక్కున పలికింది. ఫ్యూజును వెనక్కి తిప్పి, సుజాత రాసిన ప్రోగ్రాం ఎక్కించి, క్రిస్టల్ తీసేశాం. ఇదంతా ఆ బొటనవేలంత సస్తా ప్రోగ్రామర్‌తోనే. మధ్యాహ్నం బస్సుకు ఆమె డబ్బా పట్టుకుని ఉరికింది.

ఇరవై ఒకటో రోజు సుజాత ఫోన్ చేసి దాన్ని పెట్టెకు ఆనించింది. కిచకిచలు! ఇరవై ఆరు పిల్లలు లేచాయి. ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చాయ్ తాగించాను. కొన్ని వేల టీవీలు బాగుచేశాను గానీ, నేను బాగుచేసిన వస్తువు ఫోన్‌లో కిచకిచమనడం అదే మొదలు. ఇప్పటికీ తలచుకుంటే ఛాతీ ఉబ్బుతుంది.

కాబట్టి నా సలహా ఇది. మీరు వాడే చిప్పు ఏదో ముందు తేల్చుకోండి. దానికి సరిపడే చిన్న ప్రోగ్రామర్, మీ లాప్‌టాప్‌కు తగిలేది కొనుక్కోండి. నూరు రకాలది అంటగట్టే నాలాంటివాణ్ణి నమ్మకండి. ఫ్యూజుల జోలికి పోయే ముందు అవి ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. పని చెడితే పరికరాన్ని తిట్టేముందు మీ చెయ్యి ఏం చేసిందో చూసుకోండి.

ఇదంతా రాసి మొన్న సుజాతకు చూపించాను. నిలబడే చదివింది. 'కళ్లు మూసుకున్నాను, తట్టింది' అన్నచోట వేలు పెట్టింది.

"ఇది కొట్టెయ్యి కాకా. నువ్వు కండ్లు మూసింది కునుకు వట్టి. ఫోన్ల ఎతికి, క్రిస్టల్ వెడితే లేస్తదని చెప్పింది నేను. రెండుసార్లు చెప్తే గాని నువ్వు టీవీ బోర్డు ముట్టలే."