వెన్ను మందంగా ఉన్న కత్తి

మా లారీ ప్రత్తిపాడు దాటి కొంతదూరం వెళ్ళి ఆగింది. ఆ పైన రోడ్డు లేదు. నీళ్ళే. తెల్లవారి ఆరు కావస్తోంది. వాన తెరిపిచ్చింది గానీ మబ్బు విడవలేదు. ముందురోజు వాగుగట్టు తెగింది. పత్తి చేలూ మిరప తోటలూ తేడా తెలియకుండా ఒకటే నీరు. కరెంటు స్తంభాలు సగం మునిగాయి. లారీ దిగి రోడ్డు పక్క నల్లరేగట్లో అడుగు పెట్టాను. కాలు వచ్చింది, బూటు రాలేదు.

మిలిటరీ అంటే మీరందరూ మంచుకొండలనుకుంటారు. అవీ చూశాను. కానీ నేను మర్చిపోలేని డ్యూటీ మన పొలాల్లోనే పడింది. మాది ఒంగోలు వైపు. తెలుగొచ్చినవాడు కావాలని వరద సాయానికి వెళ్ళే దళంలో నన్ను వేశారు.

మా పడవలో నలుగురం. సుబేదార్ సాబ్, గఢ్వాల్ కొండల మనిషి, తక్కువ మాట్లాడేవాడు. మోటారు నడిపే నాయక్. రేడియో సిపాయి. నేను. పడవ రబ్బరుది. అందుకని గొడ్డలి ఎక్కనివ్వలేదు సాబ్. తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఒక గడ్డపలుగు, ఎవరి కత్తి వాళ్ళకి.

నా కత్తంటే నాకు గర్వం. కంటోన్మెంట్ బయట దుకాణంలో కొనుక్కున్నాను. జానెడున్నర పొడవు, వెనకవైపు రంపపు పళ్ళు, పిడి బోలుగా ఉండి అందులో దిక్సూచి, సూదీ దారం. చూస్తే ఎవరికైనా కావాలనిపించేది.

మొదటి ట్రిప్పులోనే దాని సంగతి తేలింది. మిరప తోట మీదుగా పోతుంటే మోటారు టక్కున ఆగిపోయింది. నీళ్ళ కింద డ్రిప్పు పైపులు లేచి, కొట్టుకొచ్చిన పత్తి మోళ్ళతో కలిసి ఫ్యానుకి చుట్టుకున్నాయి. వాగు లాగుడు మమ్మల్ని పక్కకి తోస్తోంది. అక్కడ కరెంటు తీగ నీళ్ళలోకి వేలాడుతోంది. అందులో కరెంటు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

"కోసెయ్, తొందరగా!" అని అరిచాడు నాయక్.

వంగి, కత్తిని పైపు చుట్టల కిందకి దూర్చి గట్టిగా పైకి లేపాను. పిడి నా చేతిలో మిగిలింది. కత్తి నీళ్ళలో పడింది. దిక్సూచి మాత్రం భద్రంగా ఉంది. రేడియో సిపాయి తెడ్డుతో ఒక వేపకొమ్మని పట్టుకుని వేలాడకపోతే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. నాయక్ ఆ చుట్టలన్నీ చేత్తో ఊడదీశాడు. గోళ్ళు లేచిపోయాయి.

మా మకాం ఊరి హైస్కూల్లో. సాయంత్రం సుబేదార్ సాబ్ పనిముట్ల పెట్టె తెరిచి వరండాలో రెండు కత్తులు పెట్టాడు. మడత పడని కత్తులే రెండూ. ఒకటి పొడుగ్గా తళతళలాడుతోంది. ఇంకోటి పొట్టిది, నల్లగా ఉంది.

"ఎంచుకో" అన్నాడు.

చెయ్యి పొడుగుదాని మీదికే పోయింది. ఆయన వద్దనలేదు. నా చేతికి బురద పూసుకోమన్నాడు, కళ్ళు మూసుకుని పట్టుకోమన్నాడు. నున్నటి పిడి, చెయ్యి జారి అంచు మీదికి పోబోయింది. పొట్టిదాన్ని పట్టుకున్నాను. పిడికీ అంచుకీ మధ్య అడ్డు ఉంది. వేలు అక్కడే ఆగింది.

"పిడి చివర చూడు. ఉక్కు కనిపిస్తోందా?"

కనిపించింది. కత్తి ఉక్కే పిడి చివరిదాకా ఒకే ముక్కగా వచ్చింది. రెండు చెక్కలు అటూ ఇటూ బిగించారు, అంతే. చెక్కలు ఊడినా కత్తి కత్తిలాగే ఉంటుంది.

"మొన మొద్దుగా ఉంది కదా సాబ్?"

"రబ్బరు పడవలో కూర్చునేవాడికి సూదిమొన ఎందుకు?"

"ఇది తుప్పు పట్టే ఉక్కు..."

"తుప్పయితే తుడుచుకుంటావు. విరిగితే ఏం తుడుస్తావు?"

కత్తి మొనని స్కూలు వెనక పడిపోయిన తుమ్మ మొద్దులో దిగ్గొట్టి, పక్కకి వంచాడు. మొద్దు చీలింది. వెన్ను అంత మందం. అది తీసుకుని నూనె రాసి నడుముకి కట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రేడియో మోగింది.

"బోటు రెండు, వాగు అవతల పాలెంలో చర్చి వెనక పెంకుటిల్లు. లోపల ఇద్దరున్నారంటున్నారు. ఓవర్."

"వెళ్తున్నాం. ఓవర్."

వెళ్ళేసరికి నీళ్ళు చూరుని తాకుతున్నాయి. వాకిలి మునిగిపోయింది. కప్పు కింద నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఇక్కడ! అటక మీదున్నామయ్యా!"

కప్పెక్కి పెంకులు తీశాను. వాటి కింద చెక్క రీపర్లు, మేకులతో బిగించి ఉన్నాయి. గడ్డపలుగు పట్టే సందు లేదు. కత్తిని రీపరు మీద పెట్టి, దాని వెన్ను మీద, పెంకులు లేవకుండా కప్పు మీద పెట్టిన రాయితో మోదాను. చెక్క తెగింది. మొనని సందులో పెట్టి వంచితే మేకు లేచింది. మనిషి పట్టే దారి అయింది. దిగాను.

ఆమె పేరు మార్తమ్మ. పత్తి, మిరపకోతల కూలికి వెళ్ళే మనిషి. భర్త యేసోబుకి పక్షవాతం, ఎడమవైపు పడిపోయింది. ఆయన జారి నీళ్ళలో పడకుండా తన చీర ఒకదానితో దూలానికి కట్టేసింది. తను పక్కనే ఆయన్ని కౌగలించుకుని కూర్చుంది. తడిసిన ముడి రాయైపోయింది. అటక మీదికి నీళ్ళొస్తున్నాయి.

"కొయ్యాలమ్మా."

"కోసెయ్ నాయనా, చీరదేముంది!"

చీర ఆయన డొక్కని అదిమి ఉంది. వేలు దూరే సందు లేదు. నేను కత్తి దించబోతుంటే ఆమె తన అరచేతిని చీర కిందికి, ఆయన పక్కటెముకల మీదికి బలవంతాన దూర్చింది.

"చెయ్యి తియ్యమ్మా, తెగుతుంది."

"తెగితే నాది తెగుద్దిలే. ఆ పక్క ఆయనకి స్పర్శ లేదు. తెగినా తెలీదు, చెప్పలేడు."

అంచు నా వైపు తిప్పుకుని, మందపాటి వెన్నుని ఆమె చేతి వెనకవైపుకి ఆనించి, చీర కిందికి జరిపాను. నా వైపు లాగాను. రెండో లాగుకి చీర తెగింది. ఆమె చేతికి గీత కూడా పడలేదు. పైనుంచి సుబేదార్ సాబ్ తాడు దించాడు. ముందు ఆయన్ని, తర్వాత ఆమెని లాగాం.

పడవలో యేసోబు నోరు తిరక్క ఏదో అన్నాడు.

"ఏమంటున్నారమ్మా?"

"నీకు దణ్ణం పెట్టమంటున్నాడు" అని నవ్వింది. "ఏ ఊరు నాయనా మీది?"

"ఒంగోలు దగ్గరమ్మా."

"హమ్మయ్య, మనోడివే" అని భర్త తలని ఒళ్ళోకి తీసుకుంది.

నీరు తీశాక మా దళం వెనక్కి వెళ్ళింది. కత్తి తుడిచి పెట్టెలో అప్పగించాను. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. మా అన్న పిల్లలు ఫోన్లో బొమ్మలు చూపించి, "బాబాయ్, ఈ కత్తి మంచిదేనా?" అని అడుగుతుంటారు. ఉక్కు పిడి చివరిదాకా ఉందా, తడిచేతిలో నిలుస్తుందా చూసుకోండి అంటాను. అంతకుమించి చెప్పబోతే ఆ అటక గుర్తొస్తుంది. పెంకులు తీసిన కంతలోంచి పడ్డ వెలుతురులో నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది. నానిపోయి ముడతలు పడి తెల్లబడ్డ వేళ్ళు. ఏమీ తెలియని ఆ డొక్క మీద బారుగా చాపి, కత్తి కోసం ఎదురుచూస్తూ.